నీలి తొట్టి పాట

ఆమెకి అసలు పేరు ఒకటి ఉంది గానీ, ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆమె పిట్ట. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా పాడుతుండేదని మేనమామ పెట్టిన పేరది. ఇప్పుడు నలభై దాటాయి, మనిషి నిండుగా తయారైంది, మెట్లు దిగుతుంటే కిటికీ రెక్కలు కదులుతాయి, అయినా పేరు మాత్రం పిట్టగానే నిలిచిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఆమెని చూసి, నవ్వు ఆపుకోలేక నానా తిప్పలూ పడేవాళ్ళు. ఆమె ఏమీ అనుకునేది కాదు. తన గొంతు బాగుందని ఒక్క మాట అంటే చాలు, ఎదుటివాళ్ళు ఏం చేసినా క్షమించేసే రకం. ఈ కథలో జరిగినదానికంతటికీ మూలం ఆ ఒక్క బలహీనతే.

పిట్టదీ వాళ్ళమ్మదీ అద్దకం పని. అందులోనూ నీలిరంగు ఒక్కటే. ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో నేలలోకి సగం దించిన పెద్ద తొట్లు, పైన దండేలు, ఒక మూల సున్నం డబ్బా, తవుడు బస్తా. షెడ్డుకీ వంటగదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. లోపల ఎప్పుడూ పులిసిన వాసన. కొత్తవాళ్ళకి కడుపులో తిప్పేది, పిట్టకి మాత్రం ఆ వాసన తగలకపోతే తెల్లవారినట్టే ఉండేది కాదు. తొట్టి బాగోగులు చూసే పని వాళ్ళమ్మది. పొద్దున్నే మూత తీసి, వంగి వాసన పీల్చి, వేలితో చుక్క తీసి నాలిక్కి రాసుకుని, "ఊ, ఆకలి మీదుంది, తెండి గుడ్డలు" అనేది. లేకపోతే "ఇవాళ దీన్ని పడుకోనివ్వండి" అని మూత పెట్టేసేది. ఆ మాటకి ఇక అప్పీలు లేదు.

నీలి తొట్టి మహా మొండిది. గుడ్డని గబగబా ముంచి తీస్తే రంగు పట్టదు. నీళ్ళని కుదిపేస్తే తొట్టే నీరసించిపోతుంది. అందుకని ఇద్దరు చెరో పక్కా నిలబడి, గుడ్డ కొసలు పట్టుకుని, మడతలు విప్పుతూ, నీళ్ళ అడుగునే నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ఎంతసేపంటే, పాట ఉన్నంతసేపు. ఒక పాట, ఒక మునక. పాట అయ్యాక గుడ్డని దండెం మీద వేస్తే, పైకి వచ్చినప్పుడు ఆకుపచ్చగా ఉన్నది గాలి తగిలి చూస్తుండగానే నీలంగా మారేది. మళ్ళీ పాట, మళ్ళీ మునక. గోడకి గడియారం లేకపోలేదు. అది గుడ్డలివ్వడానికి వచ్చేవాళ్ళు చూసుకోవడానికి. మోచేతుల దాకా రంగులో మునిగి ఉన్న మనిషికి గడియారంతో ఏం పని? పాట నోట్లో ఉంటుంది, చేతులు అడ్డం రావు.

ఆ పాట గుడ్డని పిల్లగా చేసి పాడేది.

పాదం తడవనీ పిల్లా, పాదం తడవనీ… ఓ…
తొందరేల నీకు, ఏరు ఎక్కడికి పోతుంది… ఓ…

తరవాత మోకాలు తడవనీ, ఆ తరవాత నడుము, ఆపైన భుజం, చివరికి జుట్టు. జుట్టు కూడా తడిశాక "ఒడ్డుకి రావే పిల్లా, ఎండ కాచుకునుంది" అని పైకి పిలవడం. అంతే పాట. దాన్ని ఎవరు కట్టారో తెలీదు. పిట్ట అమ్మమ్మ పాడేది, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో అడగాలని ఎవరికీ తోచలేదు.

పిట్టకి ఆ పాట ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు గానీ, ఎక్కడ నిలబడి నేర్చుకుందో బాగా గుర్తుంది. సబ్బుల పెట్టె బోర్లించి తొట్టి పక్కన వేసి, దాని మీద నిలబెట్టేవాళ్ళు. ఎదురుగా అమ్మ. చేతికి చిన్న చిన్న గుడ్డలే ఇచ్చేది, జేబురుమాళ్ళూ అవీ. బయట పిల్లలు ఆడుకుంటూ ఉంటే పిట్టకి కాళ్ళు ఆగేవి కావు. పాదం, మోకాలు, నడుము అన్నీ ఒక్క గుక్కలో కానిచ్చేసి, "ఒడ్డుకి రావే" అని గుడ్డ లాగేసేది. గుడ్డ వచ్చేది కాదు. అవతల అమ్మ గట్టిగా పట్టుకుని ఉండేది.

"పాట అయిపోయిందమ్మా."

"నీకయింది. దానికి కాలేదు. మళ్ళీ మొదలుపెట్టు."

రెండోసారి అమ్మ కూడా గొంతు కలిపేది. ప్రతి చరణం చివర ఆ 'ఓ' అనే సాగదీత ఉంది చూశారూ, అక్కడే గుడ్డని నీళ్ళలో బోర్లా తిప్పాలి. అమ్మ 'ఓ' అంటూ తిప్పుతుంటే, ఆ లాగుడు గుడ్డ గుండా వచ్చి పిట్ట వేళ్ళకి తెలిసేది. మెత్తగా, నిదానంగా, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు. బడికి నీలం చేతులతో వెళ్తే తోటి పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఇంటికొచ్చి అమ్మ ఎదురుగా పెట్టె ఎక్కితే ఆ ఏడుపంతా మర్చిపోయేది.

ఇలా వాళ్ళ షెడ్డులో పడి ఉన్న పాట లోకం మీద పడటానికి ఒక టోపీ కుర్రాడు కారణం. సంచీలకి రంగు వేయించుకోవడానికి వచ్చి, పాట విని, ఫోన్లో పట్టుకుంటానన్నాడు. ముందు పిట్ట వాళ్ళమ్మని, పెద్దామెనే అడిగాడు.

"చేతిలో గుడ్డ లేకుండా నాకు పాట రాదు నాయనా," అందామె. "అయినా తీసుకెళ్ళి ఏం చేస్తావు? మీ ఇంట్లో తొట్టి ఉందా?"

తొట్టి లేదన్నాడు. పాటలు చేసే స్నేహితులున్నారన్నాడు. పిట్ట చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, వెలుతురు బాగున్న చోటు చూసుకుని నిలబడి పాడేసింది. కుర్రాడు "అక్కా, మీ గొంతు ఏం గొంతక్కా" అన్నాడు. ఆ మాటతో పాట అతని సొత్తయిపోయింది.

కొన్ని నెలలు గడిచాక ఒకరోజు ఎదురు టీకొట్టు రేడియోలో డప్పులు మోగాయి. వాటి వెనకే ఒక పడుచు గొంతు "పాదం తడవనీ, పాదం తడవనీ, పాదం పాదం పాదం" అంటూ ఉరికింది. పిట్ట చేతిలో గుడ్డ వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. అక్కడి నుంచి ఆ పాట ఇక ఆగలేదు. బస్సుల్లో అదే, ఆటోల్లో అదే, మంగలి షాపులో అదే, చంటిపిల్లల చేతుల్లో ఫోన్లలో అదే. వీడియోలో గాయని ఈతకొలను చుట్టూ గెంతుతూ ఉంటుంది, ఆమె వెనక ఇంకో పాతికమంది గెంతుతూ ఉంటారు. పెద్దామెకి ఒకసారి చూపించారు. ఆమె కళ్ళు చికిలించి చివరిదాకా చూసి, "ఎవరి పిల్లో పాపం, నీళ్ళలో ఒక్క క్షణం నిలవదు" అని ఫోను తిరిగిచ్చేసింది. అందరూ పడీపడీ నవ్వారు. ముసలావిడకి ఏం తెలుస్తుందిలే అనుకుంది పిట్ట కూడా.

పిట్ట కాళ్ళు మాత్రం నేల మీద నిలవలేదు. "మా పాటే అది. నేను పాడితేనే వాళ్ళకి దొరికింది" అని కూరగాయల బండివాడి దగ్గర మొదలుపెట్టి దంతవైద్యుడి దాకా చెప్పుకుంది. నోరు తెరిచి కూర్చున్నప్పుడు కూడా చెప్పిందంటే మీరే ఊహించుకోండి. పక్కవీధి కుట్టుమిషన్ల వాళ్ళ సంఘం సభకి పిలిచారు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వేదికెక్కి, అమ్మ నేర్పినట్టే ఎత్తుకుంది. రెండో చరణానికే వెనక వరసల్లో కుర్చీలు జరిగాయి. ఎవరో ఫోను చూసుకుంటున్నారు. మూల నుంచి ఒక కుర్రది "ఆంటీ, స్పీడుగా పాడండి, రేడియోలో వచ్చినట్టు" అంది. పిట్టకి ఒక్క క్షణం ముఖం మాడింది. మరుక్షణం వేగం పెంచింది. 'ఓ' లన్నీ ఎగరగొట్టేసింది. జనం లేచి చప్పట్లు కొట్టారు, ఇంకోసారి అన్నారు, ఇంకోసారి పాడింది. ఆ తరవాత ఎక్కడ పాడినా అలాగే పాడింది. చప్పట్లు రుచి చూసిన గొంతు వెనక్కి వస్తుందా?

ఈ హడావిడికి కాస్త ముందే హోటల్ పని వచ్చింది. కొత్తగా కడుతున్న హోటల్లో గదులన్నిటికీ నీలం పరదాలు. ఒక విడత పాట బయటికి రాకముందే అయిపోయింది. పిట్టకి జ్వరం వచ్చిన రోజులవి. తల్లీ, అవతల పక్క పొడుగాయనా కలిసి చేశారు. పొడుగాయన వాళ్ళ దగ్గర చాలాకాలంగా పని చేస్తున్న మనిషి, నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. రెండో విడత నాటికి పిట్ట కోలుకుంది. తొట్టి తల్లి చూసింది, పాటా ముంచడమూ పిట్ట చేసింది. పెద్దామె మోకాళ్ళ నొప్పితో వంటగదిలోనే కూర్చుని, గోడవతల నుంచి "నెమ్మదే, నెమ్మదే" అంటూ ఉండేది. ఆవిడ ఎప్పుడూ అనే మాటే కదా అని పిట్ట పట్టించుకోలేదు.

గుడ్డలు వెళ్ళిన వారానికి హోటలావిడ రెండు పరదాలు చేత పట్టుకుని వచ్చింది. షెడ్డులో అందరూ ఉన్నారు. పొడుగాయన, గుడ్డలు ఆరేసే ఇద్దరమ్మాయిలు, సున్నం దింపడానికి వచ్చిన బండివాడు, పీట మీద కూర్చున్న పెద్దామె. హోటలావిడ కోప్పడలేదు. రెండు పరదాలూ పక్కపక్కనే దండెం మీద వేసి, వెనక్కి జరిగి నిలబడింది.

"ఇవి రెండూ మీరు చేసినవేనాండీ?" అంది.

ఒకటి నీలం. చిక్కగా, లోతుగా ఉంది. రెండోది ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా రంగులో ఉంది. రెండోది పిట్ట చేతిది. అందరి కళ్ళూ ముందు పరదాల మీదికీ, తరవాత పిట్ట మీదికీ వెళ్ళాయి. ఊరంతా మెచ్చుకుంటున్న మనిషికి, సొంత షెడ్డులో, బండివాడి ఎదుట తల కొట్టేసినట్టయింది. ఆ అవమానాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. ఎదురుగా తల్లి కనపడింది.

"తొట్టి చచ్చిపోయిందండీ," అంది పిట్ట. "అది చూసే పని మా అమ్మది. ఈమెకి ముక్కు పనిచెయ్యడం లేదు, ఆ సంగతి ఒప్పుకోదు."

పెద్దామె తలెత్తింది. "తొట్టి బాగానే ఉందే. పొద్దున్న కూడా చూశాను."

"ఏం చూశావు? కళ్ళు ఆనవు, ముక్కు తెలీదు. అన్నీ నాకే తెలుసని ఆ పీట పట్టుకు వేలాడుతున్నావు. నీ మూలంగా నా పేరు పోతోంది. రేపటి నుంచి నువ్వు తొట్టి దగ్గరికి రాకు. వంటింట్లో కూర్చో, చాలు."

అన్నాక, తన గొంతు అంత పెద్దదని పిట్టకి అప్పుడే తెలిసినట్టయింది. కానీ అనేసిన మాట. హోటలావిడ ఇబ్బందిగా సంచీ జిప్పు తీసి మళ్ళీ వేసింది. పొడుగాయన తొట్టిలోకి చూస్తూ ఉండిపోయాడు. పెద్దామె పీట మీంచి లేచింది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. చుట్టూ ఉన్నవాళ్ళని ఒకసారి చూసింది, మళ్ళీ కూతుర్ని చూసింది. కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. ముందు కట్టుకునే గోనెగుడ్డ విప్పి మేకుకి తగిలించి, మోకాలు పట్టుకుంటూ గడప దాటింది. కంట తడి కూడా లేదు. పోనీలే, అర్థం చేసుకుంది అనుకుంది పిట్ట. తనకి కావలసినట్టు అర్థం చేసుకోవడంలో ఆమె తక్కువ తినలేదు.

హోటలావిడ ఇంకొక అవకాశం ఇచ్చింది. పిట్ట పాత తొట్టి ఖాళీ చేయించింది, కడిగించింది, కొత్త నీలిమందు కలిపింది. సున్నం తనే కొలిచింది, తవుడు తనే వేసింది, అది పులిసి దారికొచ్చేదాకా వారాల తరబడి కాచుకుంది. ఒకరోజు పొద్దున్నే తల్లి చేసినట్టు వంగి వాసన చూసింది. ఘాటుగా, గట్టిగా, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఇంక ముసలి ముక్కుతో పని లేదని గోనెగుడ్డ కట్టుకుని, పొడుగాయన్ని ఎదురుగా నిలబెట్టి, పాట ఎత్తుకుంది. హుషారుగా పాడింది. అవతల టీకొట్టు రేడియో కూడా తోడొచ్చింది. ఆరేసే అమ్మాయిలు తలలూపుతూ ఈలలు వేశారు. మునక మీద మునక వేశారు.

పరదా ఆరింది. వెలిసిపోయిన చొక్కా రంగే.

పిట్ట దాని ముందు నిలబడింది. కొత్త తొట్టి, కొత్త మందు, తల్లి చెయ్యి ఎక్కడా తగలలేదు. మరి ఏమైనట్టు? అప్పుడే కరెంటు పోయి, ఎదురు రేడియో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పొడుగాయన భుజాలు నొక్కుకుంటూ రొప్పడం వినపడింది.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందక్కా." కాసేపు నసిగాడు. "ఈమధ్య ఆయాసం వస్తోంది. పెద్దమ్మతో చేసేటప్పుడు రోజంతా ముంచినా ఇలా ఉండేది కాదు. మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకునేవాళ్ళం గదా."

"ఎక్కడ పీల్చుకునేవాళ్ళు? పాట మధ్యలోనా?"

"చరణం చివర. ఆవిడ 'ఓ' అంటారు గదా, అక్కడ."

అతను ఆ మాట అమాయకంగానే అన్నాడు. పిట్ట మాత్రం వేళ్ళ మీద చరణాలు లెక్కపెట్టుకుంది. పాట సగానికి సగమైపోయింది. గుడ్డ రంగు తాగే తాగకముందే పైకి లాగేస్తున్నారు, అదీ నీళ్ళు కుదిపి కుదిపి. తొట్టికి ఏమీ కాలేదు. తల్లి ముక్కుకి ఏమీ కాలేదు. వెధవ చప్పట్ల కోసం పాట మార్చుకున్నది తను. అందరిలో నిలబెట్టి దులిపేసింది తల్లిని.

సరే, తెలిసింది గదా, పాత పాటే పాడదామని అందర్నీ బయటికి పంపి, గుడ్డ పట్టుకుని తొట్టి మీద వంగింది. "పాదం తడవనీ" అంది. బాగానే ఉంది. 'ఓ' దగ్గరికి వచ్చేసరికి గొంతులో డప్పు మోగింది. ఎంత సాగదియ్యాలి? ఇంతా? ఇంకా ఎక్కువా? సాగదీసింది, అది బలవంతంగా వేలాడింది గానీ 'ఓ' కాలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆ పడుచు గొంతే, పాదం పాదం పాదం అంటూ. కళ్ళు మూసుకుని సబ్బుల పెట్టెని గుర్తు చేసుకుంది. పెట్టె గుర్తొచ్చింది, పెట్టె మీద అరికాళ్ళకి తగిలే మేకు గుర్తొచ్చింది, ఎదురుగా అమ్మ ముఖం గుర్తొచ్చింది. అమ్మ నోరు తెరిచింది. లోపల నుంచి డప్పులు వచ్చాయి. తన చిన్నతనం లోపలికి కూడా ఆ పాట దూరిపోయిందని తెలిసి పిట్టకి ఏడుపొచ్చింది. పాట ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్క మనిషి దగ్గరే ఉంది. ఆ మనిషిని తను వంటింట్లో కూర్చోమంది.

పదడుగుల దూరం కూడా లేని వంటింటికి వెళ్ళడానికి ఆమెకి మధ్యాహ్నమంతా పట్టింది. తొట్టికి మూత పెట్టింది, తీసింది, పెట్టింది. ఊడ్చిన నేలనే ఊడ్చింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? కుట్టుమిషన్ల వాళ్ళ వేదిక మీద పిలిపించుకుని మరీ పాడిన మనిషికి, కన్నతల్లి దగ్గర "అమ్మా, నాకు పాట రావడం లేదు" అనడానికి నోరు రాలేదు.

పెద్దామె కిటికీ దగ్గర కూర్చుని పాత చొక్కాలకి గుండీలు కుడుతోంది. పిట్ట వెళ్ళి నేల మీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. కళ్ళెత్తకుండా చేతుల వంక చూసింది. తనకి ఊహ తెలిసినప్పటి నుంచి తల్లి గోళ్ళు నీలంగానే ఉండేవి. ఇప్పుడు మొదళ్ళలో తెల్లగా కొత్త గోరు వచ్చి, నీలం కొసల వైపు జరిగింది. ఇంకొన్నాళ్ళు పోతే కత్తిరించి పారేసేంతే మిగులుతుంది.

"అమ్మా, తొట్టి తప్పు కాదు."

"ఊ," అంది పెద్దామె. గుండీ బిగించి దారం కొరికింది.

"పాట తప్పు."

"ఊ."

పిట్ట తలెత్తి చూసింది. తల్లి ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"గోడవతలే కదే ఉన్నాను. మొదటి రోజే వినపడింది. నెమ్మది, నెమ్మది అని మొత్తుకుంటూనే ఉన్నాను."

"మరి ఆరోజు చెప్పొద్దూ? నేను అన్నేసి మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావు? పాట తప్పు పాడావే మొద్దూ అని ఒక్క మాటంటే నా నోరు మూతపడేది గదా."

పెద్దామె సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది.

"అంత మంది ఉంటే ఎలా అనేది? రేపు నేను పోయాక ఆ షెడ్డు నడపాల్సిందానివి నువ్వు. పొడుగాయనా, ఆ పిల్లలూ నీ మాట వినాలా వద్దా? నలుగురిలో నీకు పాటే రాదని నేనంటే, ఇంక వాళ్ళు నిన్ను లెక్కచేస్తారా? ఒక్కదానివే దొరుకుతావేమో చెబుదామని చూశాను. నువ్వు మళ్ళీ ఇటువైపు రాలేదు."

పిట్టకి నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. బండివాడి ముందు తన పేరు కాపాడుకోవడానికి తను తల్లిని బలిపెట్టింది. తల్లి అదే చోట, అదే బండివాడి ముందు, కూతురి పేరు కాపాడటానికి నోరు మూసుకుని నడిచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. చెంప మీద ఒక్కటి కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

"క్షమించవే అమ్మా" అనబోయింది. ఆ మాట మరీ చిన్నదిగా అనిపించి ఆగిపోయింది.

"లే, లే," అంది పెద్దామె. "రేపు పొద్దున్న వస్తాను. మోకాలికి ఒక పీట వేసి పెట్టు."

మర్నాడు ఆమె గడప దాటి లోపలికి వచ్చేసరికి షెడ్డులో అందరూ చేతుల్లో పని ఆపేసి చూశారు. పెద్దామె మేకు మీది గోనెగుడ్డ కట్టుకుంటూ, పొడుగాయనకీ అమ్మాయిలకీ వినపడేలా అంది. "నా ముక్కు పోయిన మాట నిజమేనర్రా. తొట్టి ఇక అమ్మాయే చూసుకుంటుంది. ఊరికే కూర్చోలేక వచ్చాను, నాలుగు పాటలు పాడి పోతాను."

ఆమె ముక్కు పోలేదని పిట్టకి తెలుసు. లోపలికి వస్తూనే మూత వేసి ఉన్న తొట్టి వైపు తిరిగి "కొంచెం సున్నం తగ్గింది, తరవాత వేసుకో" అని చెవిలో చెప్పింది కూడా. పిట్ట నోరు తెరిచింది. ఈలోగా తల్లి గుడ్డ అందుకుని పాట ఎత్తుకుంది. పాట నడుస్తుండగా షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. పిట్ట అవతలి కొస పట్టుకుని నిలబడక తప్పలేదు.

పాదం తడవనీ పిల్లా, పాదం తడవనీ… ఓ…

గుడ్డ నీళ్ళ అడుగున బోర్లా తిరిగింది. ఆ లాగుడు వేళ్ళకి తగిలింది. పిట్ట గొంతు కలపలేదు. కలిపే హక్కు తనకి ఉందో లేదో ఆమెకే తెలీలేదు. మోకాలు తడిసింది, నడుము తడిసింది, భుజం తడిసింది. ఎదురు టీకొట్టులో రేడియో తన పాట తను పాడుకుంటోంది. పెద్దామె దాని వంక చెవి కూడా తిప్పలేదు. జుట్టు తడిశాక, నిదానంగా, ఒడ్డుకి పిలిచింది. పొడుగాయన గుడ్డ అందుకుని దండెం మీద వేశాడు. అందరూ దాని వంక చూస్తున్నారు. ఆకుపచ్చ మెల్లగా నీలంలోకి తిరుగుతోంది.

"అమ్మ ముక్కుకి ఏమీ కాలేదు," అంది పిట్ట.

అందరూ ఇటు తిరిగారు. పెద్దామె కళ్ళతోనే వద్దంది. పిట్ట ఆగలేదు.

"తొట్టికీ ఏమీ కాలేదు. పాట నేను తప్పు పాడాను. రేడియో వాళ్ళలాగా పరిగెత్తించాను. గుడ్డలు పాడుచేసింది నేను. చేసి, మీ అందరి ముందూ అమ్మని నానా మాటలన్నాను. ఆమెకి అప్పుడే తెలుసు. నా పరువు పోతుందని నోరు మెదపలేదు."

అమ్మాయిలు తలలు దించుకున్నారు. పొడుగాయన దండెం సర్దుతున్నట్టు అటు తిరిగాడు. పిట్ట చెవులు మండిపోతున్నాయి. 'ఇప్పుడీ మాటలు అవసరమా' అని తల్లి కసురుతుందని ఎదురుచూసింది.

పెద్దామె కసరలేదు. తొట్టి అంచు పట్టుకుని పీట మీద కూర్చుంది. చేతులు రంగులో ఉన్నాయి గనక మోచెయ్యి ఎత్తి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం చూసి పిట్ట ముందు దగ్గనుకుంది. అది దగ్గు కాదు. ఆరోజు అన్ని మాటలు పడి కంట తడి లేకుండా నడిచి వెళ్ళిన మనిషి, ఇప్పుడు అందరి ముందూ చిన్నపిల్లలా ఏడుస్తోంది. తను అన్న మాట ఎంత లోతుగా దిగిందో, ఇన్నాళ్ళూ దాన్ని ఆమె ఎక్కడ దాచుకుందో పిట్టకి అప్పుడు తెలిసింది.